మంగళవారం విమానం

పాప నిద్రపోయాక దాని పెదవుల రంగు చూడడం నాకు అలవాటైపోయింది. దీపం కాస్త దగ్గరికి జరిపి చూస్తాను. గులాబీరంగులో ఉంటే దీపం వెనక్కి జరుపుతాను. ఆ తరవాత చాలాసేపు నిద్ర పట్టదు. బి.ఏ. చదివే రోజుల్లో పరీక్షల ముందు ఇలాగే మేలుకొనేదాన్ని. ఇప్పుడు చదవడానికేమీ లేదు కాబట్టి రాస్తున్నాను.

పాపకు గుండెలో రంధ్రం ఉందని తెలిసేనాటికి దానికింకా నడక రాలేదు. ఏడిస్తే పెదవులు, గోళ్ళు నేరేడు పండు రంగుకు తిరిగేవి. విజయవాడలో మా డాక్టరుగారు ఒకటే మాట చెప్పారు. ఎక్కువసేపు ఏడవనివ్వకండి, ఏడిస్తే మోకాళ్ళు మడిచి పొట్టకు ఆనించి పట్టుకోండి అని. అప్పటినుంచి పటమటలో మా ఇంటి పనంతా అదే అయింది. మా ఆయన ఆఫీసునుంచి వచ్చి చెప్పులు చప్పుడు కాకుండా విప్పేవారు. అత్తగారు పప్పు రుబ్బడం మానేశారు. పాప ఎంత ఏడుస్తున్నా అత్తగారు ఎత్తుకుంటే ఊరుకొనేది. నా దగ్గర ఊరుకోవడానికి ఎక్కువసేపు పట్టేది. నా భయం దానికి తెలిసిపోయేదేమో.

హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరు మంగళవారం సాయంత్రం చూస్తానన్నారు. ఆ తరవాత చాలాకాలం ఆయన ఊళ్ళో ఉండరట. "రైల్లో రాత్రంతా ఏడిస్తే మీరేం చేయలేరు. గన్నవరంనుంచి విమానం ఉంది కదా, గంటలో దిగుతారు," అన్నారు మా డాక్టరుగారు. ఎక్స్‌రే ఫిల్ములున్న పెద్ద కవరు చేతికిస్తూ, "ఇవి జాగ్రత్త. ఇవి లేకుండా వెళితే ఆయన చూడరు, మళ్ళీ తీయించుకు రమ్మంటారు," అని కూడా చెప్పారు. ఆ ఫిల్ములు తీసిన రోజు పాప ఏడ్చిన ఏడుపు నాకు గుర్తుంది. మళ్ళీ తీయించడమనే మాట వినడమే నాకు చేతకాలేదు.

విమానం టిక్కెట్టు ఒక్కటే కొనగలిగాం. పాప నా ఒళ్ళోనే కాబట్టి దానికి వేరే సీటు అక్కరలేదు. మా ఆయన ముందురోజు రాత్రి రైలెక్కి హైదరాబాదు చేరి, మాకోసం అక్కడ ఎదురుచూడాలని అనుకున్నాం.

అత్తగారికి మాత్రం మంగళవారం మింగుడుపడలేదు.

"పసిదాన్ని మంగళవారంనాడు గడప దాటిస్తార్రా?"

"విమానం ఆరోజే ఉందమ్మా. మనకోసం బుధవారం ఎగరమంటే ఎగురుద్దా?"

"దాని ఇష్టమొచ్చినప్పుడు ఎగరనీ. మీరు సోమవారం రాహుకాలం రాకముందే బయల్దేరండి. ఆ రాత్రికి అక్కడే ఎక్కడన్నా తల దాచుకోండి."

తల దాచుకోవడానికి ఏరోడ్రోము దగ్గర లాడ్జీలేమీ లేవు. రోడ్డు, పొలాలు, ఒక టీ దుకాణం, అంతే. మా పక్కింటి టీచరమ్మగారు సాయం చేశారు. వాళ్ళు క్రైస్తవులు. ఆవిడ చెల్లెలిది గన్నవరం. ఏరోడ్రోముకు ఎదురుగా రోడ్డు పక్కనే ఇల్లు. పెరట్లో రెండు గదులు వేసి, పొద్దున్నే విమానం ఎక్కేవాళ్ళకు ఒక రాత్రికి ఇస్తుందట. భోజనం కూడా ఆవిడే పెడుతుందట.

అత్తగారు అంతటితో ఊరుకోలేదు. ప్రస్థానం కూడా పెట్టాలన్నారు. ప్రయాణం చేసే రోజు మంచిది కాకపోతే, ముందుగానే ఒక మంచిరోజున వెంట తీసుకెళ్ళే సామాను ఒకటి పొరుగింట్లో పెడతారు. దానితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. వెళ్ళేటప్పుడు ఆ సామాను అక్కడినుంచి తీసుకొని పోవాలి. సోమవారమే బయల్దేరుతుంటే మళ్ళీ ప్రస్థానమెందుకని ఆయన విసుక్కున్నారు.

"పిల్ల విషయంలో ఒకటి చాలదురా," అన్నారావిడ.

ఆదివారం టీచరమ్మగారు చర్చినుంచి వచ్చేదాకా కనిపెట్టుకొని ఉండి, ఒక గుడ్డసంచీ తీసుకెళ్ళి వాళ్ళ వరండాలో పెట్టించారు. అందులో పాప గౌను ఒకటి, గుప్పెడు బియ్యం వేశారు. ఆఖరున ఎక్స్‌రే కవరు కూడా అందులో దూర్చారు.

"అదెందుకండీ అత్తయ్యగారూ?"

"రోగమే ముందు గడప దాటాలి అమ్మాయ్. మనిషి తరవాత."

ఆ రోజుల్లో నాకు ఎవరేమన్నా సరేననిపించేది.

సోమవారం పొద్దున్నే రిక్షా వచ్చింది. భర్త పోయిన మనిషి ప్రయాణానికి ఎదురు రాకూడదని అత్తగారు వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నారు. పాపను అంతకుముందే ముద్దు పెట్టుకున్నారు. లోపలినుంచే, "ఒరేయ్, టీచరమ్మగారింట్లో సంచీ!" అని కేకేశారు. "ఆ, తీసుకుంటాం," అన్నారాయన. నా చేతుల్లో పాప. ఆయన చేతుల్లో పెట్టె, పక్కచుట్ట. ఆయన ఎప్పుడో తెచ్చి రిక్షాలో పెట్టేశారని నేననుకున్నాను. పక్కింటి ముందు రిక్షా ఆగినప్పుడు నేను దిగి తీసుకుంటానని ఆయన అనుకున్నారట. రాహుకాలం వచ్చేస్తోందన్న తొందరలో రిక్షా అక్కడ ఆగనూలేదు, ఆయనకు గుర్తు రానూలేదు.

టౌను బస్సులో ఆడవాళ్ళ సీటు దొరికింది. నిడమానూరు దాటాక ఒకామె వంకాయల గంపతో ఎక్కి నా పక్కన కూచుంది. పాప వంకాయ ఒకటి తీసుకొని ఆడుకుంది.

"ఎక్కడికమ్మా?"

"ఏరోడ్రోముకండి."

"చూట్టానికా?"

"కాదండి. ఎక్కడానికి."

ఆమె నా చీర వంక, పక్కచుట్ట వంక చూసింది. "పరుపు కూడా ఎక్కించుకుంటారా అందులో?" అంది. ముందు సీట్లోవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వి ఉండాలి.

టీచరమ్మగారి చెల్లెలు లావుగా, గట్టి గొంతుతో, మమ్మల్ని ఎప్పటినుంచో ఎరిగినట్టు మాట్లాడేది. "నా గదుల్లో విమానం ఎక్కేవాళ్ళు తక్కువమ్మా. ఎక్కించడానికొచ్చి ఏడ్చేవాళ్ళే ఎక్కువ. మీరు నిజంగా ఎక్కుతున్నారు, నాకు గొప్పే," అంది. గదిలో నవారు మంచం, గోడకొక కొక్కెం, కిటికీకి బదులు జాలీ ఇటుకలు. ఆ సందుల్లోంచి గడ్డి మైదానం, గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డగొట్టం ఒకటి కనిపించేవి. మధ్యాహ్నం భోజనం చేసి ఆయన రైలుకోసం విజయవాడ వెళ్ళిపోయారు. బస్సెక్కేముందు పాప పాదం పట్టుకొని, "రేపు కనిపిస్తాగా," అన్నారు.

సాయంత్రం పాపకు గౌను మార్చబోతే సంచీ లేదు. పెట్టె వెతికాను, పక్కచుట్ట విప్పాను. మంచం కింద కూడా చూశాను, అక్కడ ఉండదని తెలిసి కూడా. అప్పటికి ఆయన స్టేషన్లో ఉంటారు. మా ఇంట్లో ఫోను లేదు.

ఇంటావిడ వచ్చి చూసేసరికి నేను విప్పిన పక్కమీద కూచుని ఉన్నాను. విషయం చెప్పాను.

"పిల్లను నాకిచ్చి నువ్వెళ్ళిరా తల్లీ."

"కొత్తవాళ్ళ దగ్గర ఉండదండీ. ఏడిస్తే..."

"అయితే నేనే వెళ్తా. ఇప్పుడు గేదెలు పిండాలి, పొద్దు కూడా పోయింది. తెల్లారగానే ఫస్టు బస్సెక్కి, మీ విమానం వచ్చేలోగా తెచ్చి నీ చేతిలో పెడతా." గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "రాకపోతేనో అని అడక్కు. అడిగితే నాకూ భయమేస్తుంది," అంది.

ఆ రాత్రి ఆవిడ తన గదిలో ప్రార్థన చేసుకుంటూ మా పాప పేరు కూడా చేర్చింది. గోడ పల్చన కావడంవల్ల వినిపించింది. నాకు ధైర్యమూ రాలేదు, దుఃఖమూ రాలేదు. ఫిల్ము లేకుండా వెళ్ళడమా, వెళ్ళడం మానడమా అని ఆలోచించాలి కదా అనుకున్నానే గాని ఆలోచించలేదు. జాలీ ఇటుకలు చూస్తూ పడుకున్నాను.

తెల్లవారింది. ఇంటావిడ బయల్దేరబోతూ చీర సర్దుకుంటోంది. నేను లోపల పాపకు తల దువ్వుతున్నాను. వీధి అరుగు దగ్గర ఆవిడ గొంతు వినిపించింది.

"అయ్యో, మీరే వచ్చారా! నేను మీ ఇంటికే బయల్దేరుతున్నానండీ."

పాపను ఎత్తుకొని బయటికి వచ్చాను. అత్తగారు. చేతిలో ఆ గుడ్డసంచీ. రాత్రి టీచరమ్మగారు సంచీ చూసి పరుగున వచ్చి చెప్పారట. మంగళవారంనాడు, తొలి బస్సులో, ఒంటరిగా వచ్చారు. మమ్మల్ని చూడగానే ఆవిడ ముఖం మారిపోయింది. సంచీ అరుగుమీద వదిలేసి, దగ్గర్లో ఏ తలుపు కనిపిస్తే ఆ తలుపులోకి గబగబా వెళ్ళిపోయారు. అది ఇంటావిడ వంటిల్లు. పక్కింటి టీచరమ్మగారి ఇంట్లో అత్తగారు ఏనాడూ మంచినీళ్ళు కూడా పుచ్చుకోలేదు.

"సంచీ తీసుకొని వెళ్ళమ్మాయ్," అన్నారు లోపలినుంచి. "నేను బయటికి రాను. మీరు ఏరోడ్రోములోకి వెళ్ళాక ఆవిణ్ణి చెప్పమను, అప్పుడొస్తాను."

పాప ఆ గొంతు వింది. "మామ్మా," అంది. తలుపు వైపు చేతులు చాచింది. మామ్మ రాలేదు. ఇంకోసారి పిలిచి, ఏడుపు మొదలుపెట్టింది.

నేను అరుగుమీద చతికిలబడి దాని మోకాళ్ళు మడిచి పట్టుకున్నాను. అది నడుం విరిచి తలుపు వైపే వంగింది. పెదవులు మొదట, తరవాత ముక్కు చుట్టూ. నేను చూస్తున్నాను. నా చేతులు చేయవలసింది చేస్తున్నాయి గాని, అవి నావి కానట్టుగా ఉన్నాయి.

"అమ్మా!" ఇంటావిడ వంటింటి వైపు అరిచింది. "పిల్ల నీలమైపోతోంది! మీ శకునం సంగతి తరవాత చూసుకోవచ్చు, ముందు బయటికి రండి!"

లోపల ఒక గిన్నె కిందపడింది. అప్పుడు తలుపు తెరుచుకుంది.

అత్తగారు సూటిగా మా ఎదురుగా వచ్చారు. నా ముఖం చూడలేదు. పాపను అందుకొని, కాళ్ళు మడిచి గుండెకు అదుముకొని, "ఏమే దొంగముండా, ఏమే, మామ్మను వదిలేసి గాలిమోటారెక్కిపోతావా," అంటూ అరుగుమీద ఆ చివరినుంచి ఈ చివరికి నడిచారు. పాప వెక్కిళ్ళు పెట్టింది. ఒకటి, ఇంకొకటి, ఆ తరవాత బాగా వ్యవధి ఇచ్చి ఇంకొకటి. రంగు నెమ్మదిగా తిరిగి వచ్చింది. అది అత్తగారి పైట కొస నోట్లో పెట్టుకుంది.

ఇంటావిడ, "ఎలాగూ మా వంటింట్లోకి వచ్చేశారు. కాఫీ కూడా తాగెయ్యండమ్మా," అంది.

అత్తగారు పాప నోట్లోంచి పైట కొస మెల్లగా తీశారు. "పంచదార తక్కువెయ్యండి," అన్నారు.

ఏరోడ్రోము దాకా పాపను ఆవిడే ఎత్తుకొచ్చారు. అది కునుకు తీస్తుండగా నా భుజంమీదికి మార్చి, వెంటనే పక్కకు తప్పుకున్నారు. విమానంలో ఒక అమ్మాయి పళ్ళెంలో చాక్లెట్లు, చెవుల్లో పెట్టుకోడానికి దూది తెచ్చింది. మబ్బుల పైనుంచి వెళ్ళామట, నాకేమీ గుర్తు లేదు. ఫిల్ము కవరు ముడతలు పడకుండా పట్టుకొని కూచోవడం మాత్రం గుర్తుంది.

సాయంత్రం పెద్ద డాక్టరుగారు ఫిల్ములు కిటికీ వెలుతురుకు పెట్టి చూశారు. పాప ఛాతీమీద గొట్టం పెట్టి విన్నారు. కాగితంమీద ఏదో గీసి, చెరిపేశారు.

"ఇప్పుడు ఆపరేషను చేస్తే తట్టుకోలేదు. ఇంకా బరువు పెరగాలి. ఏడాది, ఏడాదిన్నర ఆగి తీసుకురండి."

"అప్పటిదాకా?" అన్నారు మా ఆయన.

"జాగ్రత్తగా చూసుకోండి," అన్నారు డాక్టరుగారు, మామూలు గొంతుతో.

ఇంటికి వచ్చాక ఆయన ఆ మాటలే తల్లికి చెప్పారు. అత్తగారు పీట వాల్చుకొని కూచుని, "నేను ఎదురొచ్చాను," అన్నారు. అంతే. ఏడవలేదు. బరువు సంగతి, ఆ వయసులో గుండె ఎంతుంటుందన్న సంగతి, నాకు తెలిసినంతలో నేను చెప్పాను. మా ఆయన కూడా చెప్పారు. విన్నారు. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు గనక ఒప్పుకున్నారనుకున్నాను.

పాప పెరిగింది. నెమ్మదిగానే, కాని పెరిగింది. హైదరాబాదు ఆసుపత్రివాళ్ళు మళ్ళీ ఒక తేదీ ఇచ్చారు. అది వచ్చే నెల. ఆ కబురు వచ్చిన రోజే అత్తగారు కంకిపాడులో కూతురింటికి వెళతానని బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టారు. మేం బయల్దేరే నాటికి ఇంట్లోనే కాదు, ఊళ్ళోనే ఉండనన్నారు.

"మీరుంటేనే దాని ఏడుపు ఆగుతుంది కదండీ అత్తయ్యగారూ," అన్నాను. "ఆరోజు మీరు రాకపోతే ఏమయ్యేదో."

"ఏడుపు ఆగింది అమ్మాయ్," అన్నారు మడత పెడుతున్న చీర మీదినుంచి తలెత్తకుండా. "పని కాలేదుగా."

ఇవాళ మధ్యాహ్నం ఆవిడను కంకిపాడు బస్సెక్కించి వచ్చాను. బస్సు కదిలేటప్పుడు ఆవిడ పాప వైపు చూడకుండా డ్రైవరు వైపు చూస్తూ కూచున్నారు. పాప అన్నం తినేటప్పుడు రెండుసార్లు మామ్మ ఏదని అడిగింది. వస్తుందని చెప్పాను. ఆపరేషను తరవాత వస్తుందని చెప్పలేదు. ఆపరేషను అంటే ఏమిటో దానికి తెలియదు. ఆ తరవాత అన్న మాట గురించి నాకూ ఏమీ తెలియదు.