వదినగారి ‘మ్మ్’

స్టూడియోలో ఆవిడకు కన్నీటమ్మ అని పేరు. పరాయి భాషల్లో తీసిన సీరియళ్ళకు తెలుగులో గొంతు అరువిచ్చే డబ్బింగ్ పని ఆవిడది. తెరమీద ఏ ఇల్లాలు మొహం చేతుల్లో దాచుకున్నా ఆ ఏడుపు ఈవిడదే. ఏళ్ళ తరబడి ఏడ్చి ఏడ్చే సంసారం ఈడ్చుకొచ్చింది. అసలు మనిషి మాత్రం నవ్వులపుట్ట. చప్పుడవుతాయని గాజులు తీసి పక్కన పెట్టి, మైకు ముందు పొట్ట అరవకుండా రెండు బ్రెడ్డుముక్కలు నమిలి, గుక్కపట్టి ఏడ్చి, బయటికొచ్చి టీ తాగుతూ పకపకా నవ్వేది.

అలాంటి మనిషికి ఒక క్రైమ్ సీరియల్లో ఇన్‌స్పెక్టరమ్మకు గొంతు ఇచ్చే అవకాశం వచ్చింది. ఆ సీరియల్ సంగతి చెప్పాలంటే, భూతద్దం పెట్టి వెతికినా అందులో ఒక్క మంచివాడు దొరకడు. లాయరు అబద్ధాలకోరు, డాక్టరు దొంగ సర్టిఫికెట్ల మనిషి, చచ్చిపోయినవాడు కూడా చావాల్సినంత వెధవే. వీళ్ళందరినీ తలదన్నేది ఇన్‌స్పెక్టరమ్మ. లంచం పుచ్చుకుంటుంది, పుచ్చుకుని పని చెయ్యదు, కన్నతల్లిని కూడా దొంగను పలకరించినట్టే పలకరిస్తుంది.

మొదటిరోజే బండి మొరాయించింది. “అమ్మా, మీరు తిడుతుంటే దీవిస్తున్నట్టుంది” అన్నాడు డైరెక్టరు. పైగా తెరమీద ఆ నటి ప్రతి మాట చివరా పెదవులు బిగించి మూస్తుంది. రాసిచ్చిన డైలాగేమో అంతకుముందే అయిపోతుంది. పెదవులు కదిలినచోట గొంతు లేకపోతే చూసేవాళ్ళకు ఎబ్బెట్టుగా ఉంటుంది. “సాయంత్రంలోగా కుదరకపోతే ఇంకొకరిని పిలుస్తాను, ఏమీ అనుకోకండి” అన్నాడాయన. అనుకోకుండా ఎలా ఉంటుంది? ఇన్నాళ్ళకు ఒక చెడ్డ మనిషి దొరికితే అదీ చేజారిపోతోందని కన్నీటమ్మకు నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది వదిన.

వదినంటే భర్తకు అక్క. మొగుడు పోయాక తమ్ముడింటికి వచ్చి చాలాకాలమైంది. ఈవిడ పనికి వెళ్తే ఇల్లు కనిపెట్టుకుని ఉండేది ఆవిడే. చేతికి సాయం తెలుసు, నోటికే పుల్లవిరుపు. ఏ మాటైనా అనేసి, చివర పెదవులు బిగించి ‘మ్మ్’ అని ఒకటి వదులుతుంది. నీ తెలివెంత, నీ బతుకెంత అన్నీ ఆ ‘మ్మ్’లో ఉంటాయి. “కూర బాగుంది. మ్మ్” అందంటే ఇక ఆ కూర ఎవరూ ముట్టరు.

కన్నీటమ్మ కళ్ళు మూసుకుని, వదిన గుమ్మంలో నిలబడి తన బురద చెప్పుల వంక చూస్తున్నట్టు ఊహించుకుంది. కళ్ళు తెరిచి, “నిజమే చెబుతున్నావా? మ్మ్” అంది. తెరమీద పెదవులు సరిగ్గా అక్కడే మూతపడ్డాయి. అద్దం అవతల డైరెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

సీరియల్ మొదలయ్యాక ఆ ‘మ్మ్’ ఊరంతా పాకింది. బస్సులో కండక్టరు టికెట్టు చింపుతూ అదే అనేవాడు. పిల్లలు టీచరుమీదే ప్రయోగించి తన్నులు తిన్నారు. “ఛీ, ఒక్కడికీ బుద్ధి లేదు” అని తిట్టుకుంటూనే జనం ఆ వెధవల్ని చూడ్డానికి వేళకు ముందే టీవీల ముందు చేరేవారు.

కన్నీటమ్మ ఇంట్లోనూ అంతే. భర్తా వదినా సోఫాలో కూర్చునేవారు. ఈవిడ మాత్రం గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు వంటింటి గుమ్మంలోనే తచ్చాడేది. వదిన కనిపెడితే? అసలే అభిమానం గల మనిషి. నన్ను ఊళ్ళో నవ్వులపాలు చేశావా అని పెట్టె సర్దుకుంటే? వదిన లేని ఇల్లు ఆవిడ ఊహకే అందేది కాదు.

వదిన ఏమీ అనలేదు. కానీ ఒకరోజు నుంచి ‘మ్మ్’ మానేసింది. కూర బాగుంది అంది, అంతే, ఆగిపోయింది. తమ్ముడు చెంచా కింద పెట్టి అక్క మొహంలోకి చూశాడు.

“ఒంట్లో బాగుందా అక్కా?”

“బాగానే ఉంది.”

ఆ మాట చివర కూడా ‘మ్మ్’ రాలేదు. ఇల్లు ఉప్పు లేని కూరలా తయారైంది. స్టూడియోలో కన్నీటమ్మకూ పట్టు తప్పింది. “ఏంటమ్మా, ఇన్‌స్పెక్టరమ్మకి జ్వరమా?” అని డైరెక్టరు అడిగాడు కూడా.

ఇక లాభం లేదనుకుని, ఆదివారం పొద్దున బట్టలు మడతపెడుతున్న వదిన పక్కన చతికిలబడింది.

“వదినా, తప్పయిపోయింది. ఆ ‘మ్మ్’ మీదే. చెప్పకుండా వాడేసుకున్నాను. కోపముంటే నాలుగు తిట్టండి గానీ ఇలా ఉండకండి. మీరిలా ఉంటే నాకేం బాగాలేదు.”

వదిన చేతిలో దుప్పటి ఆగింది. “నాదని నాకు తెలియదటే? మొదటిరోజే తెలిసింది. లోపల్లోపల మురిసిపోయాను కూడా.”

“మరెందుకు మానేశారు?”

“ఆ బేకరీవాడి వల్ల. మొన్న రొట్టె చేత్తో నొక్కి చూసి, అలవాటుకొద్దీ అన్నాను. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. ఈ వయసులో పెద్దావిడ టీవీ ఇన్‌స్పెక్టరమ్మని కాపీ కొడుతోందన్నాడు వాడు. నేను! నా నోట్లో పుట్టినదాన్ని నేను కాపీ కొట్టానట.” దుప్పటి మడత విప్పి మళ్ళీ మడిచింది. “నాకంటూ మిగిలింది అదొక్కటే కదే. అదీ టీవీవాళ్ళదైపోయింది.”

కన్నీటమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండూ మింగేసి లేచింది.

“చెప్పులేసుకోండి” అంది.

ఆదివారం కదా, బేకరీ కిటకిటలాడుతోంది. కన్నీటమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి బేకరీవాడి ఎదురుగా నిలబడి, ఇన్‌స్పెక్టరమ్మ గొంతుతో అంది.

“దొంగ దొరికిందా? మ్మ్.”

రొట్టె కోస్తున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెనక గుసగుసలు మొదలై, అవీ ఆగిపోయాయి.

“టీవీలో గొంతు నాది. దొంగనూ నేనే” అంది కన్నీటమ్మ ఈసారి తన గొంతుతో. “ఈ సొత్తు మా వదినది. ఈవిడ దగ్గర కొట్టేసి సీరియల్లో పెట్టాను. అసలు సరుకు ఇదిగో.” అంటూ వదినను ముందుకు నెట్టింది.

అందరి కళ్ళూ వదిన మీదే. పాపం, ఏం చెయ్యాలో తోచక చేతిసంచి సర్దుకుంది. తర్వాత నింపాదిగా అద్దాల బీరువాలో ఉన్న రొట్టెను చూసింది. బేకరీవాడిని చూసింది. మళ్ళీ రొట్టెను చూసింది.

“ఇవాళ్టిదేనంటావు” అంది. పెదవులు బిగుసుకున్నాయి. “మ్మ్.”

అందరూ గొల్లున నవ్వి చప్పట్లు కొట్టారు. బేకరీవాడు తల గోక్కుంటూ లోపలికి వెళ్ళి వేడివేడి రొట్టె తెచ్చి ఇచ్చాడు. ఎవరో వెనకనుంచి “ఇంకొక్కసారి అనండమ్మా” అని బతిమాలారు. వదిన అనలేదు.

“అడిగితే రాదు. ఎదుటివాళ్ళు రప్పించాలి” అంది.

ఇంటికి నడుస్తుంటే దారిలో అడిగింది. “ఆ ఇన్‌స్పెక్టరమ్మని చివరికి జైల్లో పెడతారటే?”

“పెట్టేలాగే ఉన్నారు వదినా. చేసినవి తక్కువా?”

“పెట్టనీ. కానీ నువ్వు ఆవిడ చేత నీ పాత ఏడుపు ఏడిపించకు. అలాంటివాళ్ళు నలుగురిలో ఏడవరు. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటారు.” రొట్టె సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. “ఎవరైనా వచ్చి తలుపు కొడతారేమోనని చూస్తుంటారు.”

కన్నీటమ్మ వదిన చెయ్యి పట్టుకుంది.

“వదులు, జనం చూస్తున్నారు. మ్మ్” అంది వదిన. చెయ్యి మాత్రం లాక్కోలేదు.