ఊళ్ళో ఇసుర్రాళ్ళన్నీ మొద్దుబారిన వారం

మణెమ్మకు ఎడమ కన్ను లేదు. ఇసుర్రాయికి కక్కు కొడుతుంటే రాతిపెంకు ఎగిరి కంట్లో పడింది. కట్టు విప్పకముందే ఉలీ సుత్తీ పట్టుకుని పక్క ఊరికి పోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. కక్కు కొట్టడమంటే అరిగి నున్నబడిన రాతి మీద ఉలితో గంట్లు పెట్టి మళ్ళీ గరుకు తేవడం. గరుకు లేని రాయి జొన్నను పిండి చేయదు, ఊరికే దొర్లిస్తుంది. రాయికింత అని జొన్నలు కొంగులో పోయించుకుని, మొగుడు పోయిన నాటి నుంచీ మణెమ్మ అట్లాగే బతికింది. అచ్చంపేట నుంచి బల్మూరు దాకా ఆమె కూర్చోని వాకిలి లేదు.

పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో, జొన్న కోతలు ముగిసిన రోజుల్లో, ఊరి చివరనున్న ఆమె గుడిసెకు బాలనాగమ్మ వచ్చింది. నడి ఎండ. చంకలో రెండేళ్ళ ఆడపిల్ల. ఆమె పై పెదవి పగిలి నెత్తురు గడ్డకట్టి ఉంది.

మణెమ్మ ఏమైందని అడగలేదు.

"తిన్నవా?"

"లేదవ్వా."

"కూసో. ముందు పిల్లకు తాపు," అని అంబలి ముంత ముందు పెట్టింది.

తాగాక బాలనాగమ్మే చెప్పింది. మొగుడు భీమన్న తాగినా కొడతాడు, తాగకున్నా కొడతాడు. ఈసారి ఎద్దుల పలుపుతో కొట్టాడు. తల్లి లేదు. అన్న ఇంటికి పోతే వదిన గడప దాటనివ్వలేదు. కులపెద్దలు సర్దుకపొమ్మన్నారు.

"నాకు రెండే గావాలె అవ్వా. పిల్ల నా కాడ ఉండాలె. మా అమ్మిచ్చిన ఇసుర్రాయి నాకు రావాలె. అదుంటే నలుగురికి ఇసిరిచ్చి పిల్లను సాదుకుంట."

మర్నాడే భీమన్న కబురు పంపాడు. రాయి కావాలంటే ఇంటికి రావాలి, రాకుంటే పిల్లను కూడా గుంజుకపోతానన్నాడు.

మణెమ్మ విన్నది. సుత్తి సంచిలో వేసుకుని ఊళ్ళోకి పనికి పోయింది. ఆ మర్నాడూ పోయింది. బాలనాగమ్మకు ఒళ్ళు మండింది. ఇక్కడ తన పిల్ల పోయేటట్టుంటే ఈ ముసలిది రాళ్ళు కొట్టుకుంటూ తిరుగుతోందేమిటి?

మూడో నాడు భీమన్న ఇంట్లో పిండి నిండుకుంది. జొన్నలు తట్టలో పోసుకుని పక్కింటి జములమ్మ దగ్గరికి పోయాడు. వరసకు వదిన.

"వదినె, జర గివి ఇసిరిపెట్టు."

"అయ్యో మరిదీ, మా రాయి మొద్దువడ్డది. మణెమ్మ రాలె."

"నిన్న మీ వాకిట్ల కొట్టంగ నేనే జూసిన గద!"

"గది రోలు. రాయి గాదు."

ఎదురింట్లో అడిగాడు. వాళ్ళ రాయీ మొద్దే. సందు చివర కూడా మొద్దే. తట్ట నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగాడు. ఒక్క వారంలో ఒక ఊళ్ళోని రాళ్ళన్నీ ఎట్లా మొద్దుబారుతాయని పటేలు ముందు మొత్తుకున్నాడు. పటేలు ఇంట్లోకి కేకేశాడు.

"మన రాయి గూడ మొద్దువడ్డది," అని లోపలి నుంచి పటేలు భార్య గొంతు వచ్చింది.

పొద్దున్నే నాలుగు రొట్టెలు తిన్న పటేలు మీసం తుడుచుకుని, "ఇగ నేనేం జేస్తరా," అన్నాడు.

ఇదంతా జములమ్మే గుడిసెకు వచ్చి, నవ్వలేక కడుపు పట్టుకుంటూ చెప్పింది. "తలుపేసుకొని నీ రాయి నీ మొగడే తిప్పిండు. అది నిజంగనే మొద్దు! ఒక్క గింజ పలగలె. గుగ్గిళ్ళు ఉడకవెట్టుకొని తింటుండు, కడుపు నొప్పని పంటుండు. కోడికూతకు ఊర్ల రాళ్ళన్నీ గుర్రుగుర్రుమంటుంటే మంచంల పండుకొని ఇంటుండు!"

బాలనాగమ్మ నవ్వలేదు.

"ఇన్నేండ్లు గోడవతల నా కేకలు ఇన్నవు. ఒక్కనాడన్న తలుపు తియ్యలె గద అక్కా."

జములమ్మ నవ్వు ఆగిపోయింది. "భయమైతుండె. తీస్తే నేనొక్కదాన్నే తీసినట్లైతదనుకున్న," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏడో నాడు భీమన్న వచ్చాడు. ఇసుర్రాయి రెండు చెక్కలూ ఒక్కసారి మోయలేక కింది రాయి ఒకసారి, పై రాయి ఒకసారి మోసుకొచ్చాడు. ఊరు రెండుసార్లు చూసింది. చూసిన ఆడవాళ్ళు పనులు వదిలేసి వెనకే వచ్చి గుడిసె ముందు నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు.

"మరి పిల్ల సంగతి?" అంది మణెమ్మ.

"పిల్లను అడగ," అని గొణిగాడు భీమన్న.

"గట్టిగ అను. ఎనకున్నోళ్ళకు ఇనవడలె."

"అడగనంటున్న గద!" అని అరిచి, పెళ్ళాం వైపు తిరిగాడు. "ఇగనన్న ఇంటికి రా."

అందరి కళ్ళూ బాలనాగమ్మ మీదనే ఉన్నాయి. ఆమె ఈసారి వెనక్కి జరగలేదు.

"రాను. నీ జొన్నలు దెచ్చుకో, ఇసిరిస్త. అందరి తీరుగనే కూలి ఇచ్చి తీస్కపో. గడప లోపటికి మాత్రం రాకు."

భీమన్న గుంపును చూశాడు. వెనక్కి తిరిగి పోయాడు.

ఆ సాయంత్రం మణెమ్మ రాతిని ఒళ్ళోకి జరుపుకుని ఉలి ఆనించింది. ఒక్క కన్నుతో కొడుతున్నా గంటు పక్కన గంటు వరసగా పడుతోంది. బాలనాగమ్మ రెప్ప వేయకుండా చూసింది.

"అవ్వా, ఊరందరితోని గా మాట ఎట్ల అనిపించినవు?"

"నేనేడ అనిపించిన? కక్కు గొట్టుకుంట ఒక్క మాటే చెప్పిన. బాలనాగి నా కాడ ఉన్నది, దాని మూతి పలిగింది అని. రాయి మొద్దన్నది జములమ్మ సొంత తెలివి. మిగిలినోళ్ళు ఎట్లన్నరో నాకు గూడ తెల్వదు బిడ్డా." రాతిపొడిని ఉఫ్ మని ఊదింది. "నాకే ఇచ్చంత్రమైతుంది."

తెల్లారకముందే ఊరి వైపు నుంచి ఒక రాయి గుర్రుమంది. దాని వెంట ఇంకొకటి, ఆ వెంట ఎన్నో. ఆ చప్పుడు బాలనాగమ్మ పుట్టినప్పటి నుంచీ విన్నదే. ఆ వేళ మాత్రం తన రాయి పిడి పట్టుకుని వింటూ అట్లాగే కూర్చుండిపోయింది. అప్పటికే గుమ్మంలో జములమ్మ, నెత్తిన తట్టతో.

"మా రాయి ఇంక మొద్దుగనే ఉన్నది. జర సన్నగ ఇసురు," అంది.