మా అమ్మ పాట ఎత్తని ఆదివారం

నిన్న సాయంత్రం రేషను జొన్నల సంకటి ఉడుకుతూ, ఆ ముక్కిన వాసన కర్నూలులోని మా రెండు గదుల అద్దె ఇంటినంతా కమ్ముకుని ఉండగా, పిల్లలిద్దరూ ఎప్పటిలాగే చాప పరిచి, చేతులు కట్టుకుని, నా నోటివంక చూస్తూ కూర్చున్నారు. భోజనానికి ముందు ప్రార్థన మొదలుపెట్టవలసింది నేను. నాకు మాట రాలేదు. గొంతు బాగానే ఉంది, చెప్పడానికి లోపల ఏమీ లేదు. వాళ్ళ నాన్న క్షయ జబ్బుతో దూరపు ఆసుపత్రిలో చేరి ఏడాది దాటింది. పగలు బడిలో పాఠాలు చెప్పడం, సాయంత్రం రేషను దుకాణం ముందు నిలబడడం, పడుకున్నాక ఆయన గురించి భయపడడం నాకు అలవాటైపోయాయి. కానీ పెద్దమ్మాయి తల ఎత్తి, "అమ్మా, దేవునితో ఇంగ మాట్లాడవా?" అని అడిగిన ఆ క్షణంలో వేసిన భయం వేరు. ఆ చూపు నేను ఎరుగుదును. ఎనిమిదేళ్ళ వయసులో మా అమ్మను నేను అలాగే చూశాను.

ఆలూరు వైపు నల్లరేగడి పల్లె మాది. ఊరికి దూరంగా విసిరేసినట్టున్న మా పాలెంలో నాన్న ఉపదేశి, మిషను తరఫున గుడిలో వాక్యం చెప్పి ప్రార్థన నడిపేవాడు. మట్టిగుడికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. గుడి ముందు వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్కను నాన్న ఇనుపకడ్డీతో కొడితే ఆదివారమని అందరికీ తెలిసేది. ఆడవాళ్ళు వంటకు కొలిచిన జొన్నల్లోంచి పూటకో పిడికెడు దేవుని పేర వేరే ముంతలో వేసి, ఆదివారం తెచ్చి గుడిలో గంపలో పోసేవాళ్ళు. ఆ పిడికెళ్ళే మా కూడు. పంట పండిన ఏడు గంపలో జొన్నలు, కొర్రలు, సజ్జలు కలగలిసి పడేవి. క్రిస్మసుకు కొర్రబియ్యం బెల్లంతో ఉడికే వాసనకు, మేము అచ్చనగాయలు వదిలేసి పొయ్యి చుట్టూ చేరేవాళ్ళం. మా వేళ్ళకు అంటిన పాకాన్ని అమ్మ నవ్వుతూ తుడిచేది.

గుడిలో పాట ఎత్తేది అమ్మే. ఆమెకు ముందు ఉన్న ఉపదేశి భార్య ఎత్తేదట, ఆమెకు ముందు ఇంకొకామె. వేరే ఎవరూ ముందు నోరు తెరవకూడదు. రాగిపిండి విసిరేటప్పుడు పాడుకునే బాణీల్లోనే అమ్మ దేవుని పాటలు పాడేది. ఆమె మొదటి చరణం ఎత్తగానే, వారమంతా కూలికి వంగిన ఆ నడుములు నిటారు కావడం నేను చూసేదాన్ని.

తరువాత వరుసగా వానలు తప్పాయి. చేలు నెర్రెలిచ్చాయి. ఊరిబావిని మమ్మల్ని తాకనిచ్చేవాళ్ళు కాదు. గట్టున గంటలు గంటలు నిలబడితే దయగల చేతులు దూరం నుంచి మా కడవల్లో నీళ్ళు పోసేవి. కరువు ముదిరాక ఆ చేతులు కూడా రావడం మానేశాయి. వాగులో చెలమలు తీసి, బురదనీళ్ళు వడకట్టుకుని తాగాం. పిడికెడు సగమై, చిటికెడై, చివరకు ముంతలు ఖాళీగా వచ్చేవి. సిగ్గుపడి గుడ్డ కప్పి తెచ్చేవాళ్ళు. అమ్మ ఖాళీ ముంతను కూడా నిండు ముంతలాగే రెండు చేతులా అందుకుని, గంపలోకి వంచి, తిరిగి ఇచ్చేది. అందరం బలుసాకు ఉడకబెట్టుకుని తింటున్న ఆ రోజుల్లో నాన్న మాత్రం నిరీక్షణ గురించి, దేవుని మీద ఆశ వదలకపోవడం గురించి ప్రసంగించేవాడు. పాలెంలో అందరికంటే పెద్దదీ, ఎవరినైనా ముఖం మీదే అనేసేదీ రాహేలమ్మ అవ్వ. "ఏం పంతులమ్మా, నీ మొగుడు ఈ పొద్దు శానాసేపు చెప్పినాడు, కడుపులో యేమన్నా పడిండాదేమో కనుక్కో!" అని ఆమె అమ్మతో అంటే, ఆకలితోనే అందరూ నవ్వేవాళ్ళు.

ఆ చెలమనీళ్ళకే నడక ఇంకా సరిగా రాని మా తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. మూడో నాటికి వాడు ఏడవడం మానేశాడు. పూడ్చిపెట్టి వచ్చిన వారానికి మిషను బంగళా దొరసాని బండిమీద పాలడబ్బాలు పంపింది. అమ్మ ఆ డబ్బాల వంక చూసి, గోడవైపు తిరిగి పడుకుంది. తిండి ముట్టలేదు. నేను నీళ్ళు పట్టుకెళితే పెదవులు బిగించుకునేది. తమ్ముడి వెనకే అమ్మ కూడా పోతుందని ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది.

ఆదివారం నాన్న పిలిచాడు. "నేను రాను. నీ దేవునికి నువ్వే పాడుకో పో" అంది. నాన్న వెళ్ళి రైలుపట్టా కొట్టాడు. నేను అమ్మ దగ్గరే ఉండిపోయాను. గోడ అవతల మనుషులు వచ్చి కూర్చున్న చప్పుడు, దగ్గులు, చంటిపిల్లల ఏడుపు వినపడ్డాయి. తరువాత ఏమీ వినపడలేదు. చాలాసేపటికి నాన్న, "ఈ పొద్దుకు నేనే ఎత్తుతా" అన్నాడు.

"నువ్వెత్తితే కాకులు లేస్తాయి గానీ పాట లెయ్యదు పంతులూ" అంది రాహేలమ్మ అవ్వ. ఈసారి ఎవరూ నవ్వలేదు. "పొద్దు గుంకినా సరే, ఆయమ్మ ఎత్తినంకనే. ఈడనే కూసుంటాం."

నిజంగానే కూర్చున్నారు. నీడ గడప దాటి ఇంట్లోకి వచ్చింది. ఎదురుగా ఉన్న మనుషులు అరిస్తే భరించవచ్చు, గోడకు ఆనుకుని మౌనంగా కూర్చున్న ఆకలి మనుషులను భరించడం కష్టం. అమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. వినపడని దానికి చెవులెందుకు మూసుకుంటోందో నాకు తెలియలేదు. ఉన్నట్టుండి, "నన్ను సావనీరు గదా వీళ్ళు" అని, పడుకున్నచోటనే, మట్టిగోడకేసి ఎత్తింది. అది స్తోత్రం కాదు. ఎన్నాళ్ళు నన్ను మరిచిపోతావని దేవుణ్ణి నిలదీసే పాట. గొంతు గీరుకుపోయి మధ్యలో తెగింది. తెగినచోట గోడ అవతలి నుంచి రాహేలమ్మ అవ్వ బొంగురుగా అందుకుంది, వెనకే అందరూ. పాట ముగిశాక అమ్మ నీళ్ళడిగింది.

వాన ఆ ఏడు కూడా రాలేదు. బతికినవాళ్ళలో సగంమంది బంగారు గనుల పనికి కోలారు దారి పట్టి మళ్ళీ రాలేదు. గుడి కప్పు కూలింది, గోడను ఆ తరువాతెప్పుడో పడిన వానలే కరిగించాయి, అదీ అక్కరలేని కాలంలో. రాహేలమ్మ అవ్వ లేదు, అమ్మా లేదు. ఇక్కడి పెద్ద గుడిలో హార్మోనియం ఉంది, చేతుల్లో పాటల పుస్తకాలున్నాయి, గంట కొట్టగానే పాట మొదలవుతుంది. ఒక గొంతు రాలేదని ఆగేవాళ్ళు లేరు. నేను మూడు వారాలు వెళ్ళలేదు. ఎవరూ అడగలేదు.

నిరీక్షణ అనే మాట నాన్న నోట ఎన్నిసార్లు విన్నానో. దాన్ని దగ్గరగా ఎరిగింది ఆ ఒక్క ఆదివారమే. అది సంతోషంలా లేదు, ధైర్యంలా కూడా లేదు.

తెల్లవారాక పిల్లలు లేచి, నిన్నటి చాప మీదే కూర్చున్నారు. వాళ్ళకు ఈ మాట చెప్పాను: "మీ నాయన వస్తాడో రాడో నాకు తెలీదు. నాకు శానా అలుపుగా ఉండాది, ప్రార్థన రావడం ల్యా. ఈ పొద్దు మీరు ఎత్తండి. మీరు ఎత్తినదాకా ఈడనే కూసుంటా, నాకు వచ్చినకాడికి అందుకుంటా."