జీపు చక్రం కింద రాయి

జనగామలో ఉంటున్న మా బిడ్డ మొన్న కొత్త కారు కొన్నది. పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే పెద్ద బండి. నన్ను ఎక్కించుకుని తిప్పి, ఎత్తు మీద ఆపి, వేలితో ఒక మీట నొక్కింది. బండి కదలకుండా నిలబడింది. "చూసినవా అవ్వా, రాయి అక్కర్లే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తెలంగాణ కోసం కొట్లాడిన రోజుల్లో మా పాత జీపుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేబోయిన మగమహారాజుల యవ్వారం గుర్తొచ్చి ఒళ్లు మండింది.

మాది నర్సింహులపేట దగ్గర పల్లె. మా ఆయన జీపులో మానుకోటకు మనుషులను తిప్పేవాడు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. బందులు, రాస్తారోకోలతో బస్సు ఎప్పుడు వస్తుందో తెలియని రోజులు కాబట్టి ఆ డొక్కు బండికి ఎక్కడ లేని గిరాకీ. నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపించి టీజీ అని రాయించాడు. పెయింటరు పక్కనే కూర్చుని, అక్షరం వంకరపోయిందని మళ్లీ దిద్దించాడు. తీరా రాష్ట్రం వచ్చాక అది టీఎస్ అయి కూర్చుంది, అది వేరే సంగతి. తెలంగాణ నాకూ కావాలి. వంటావార్పు రోజు నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి ఊరందరికీ వండినదాన్ని. కానీ నాకు తెలంగాణతో పాటు బ్రేకులు కూడా కావాలి.

ఆ జీపుకు హ్యాండ్ బ్రేకు పేరుకే ఉండేది. కాలి బ్రేకు పంపు కొట్టినట్టు తొక్కితే తప్ప పడేది కాదు. ఇంజను ఆపితే మళ్లీ పదిమంది నెట్టాలి, అందుకని ఆపేవాడు కాదు. ఎక్కడ నిలిపినా చక్రం కింద రాయి పడాల్సిందే. ఆ రాయి వెనక సీటు కింద ఉండేది. ఆరో తరగతి చదువుతున్న మా బిడ్డ ఆ సీట్లోనే కూర్చుని బడికి పోయేది కాబట్టి, అందరికంటే ముందు దుంకి రాయి పెట్టడం దాని పని అయింది. ఒకనాడు పెడుతుండగానే బండి వెనక్కి జరిగింది. ఎట్లో చెయ్యి లాక్కుంది గానీ వేలి గోరు నల్లబడింది. నేను ఆ వేలి మీద చల్లటి నీళ్లు పోశాను. ఆయన మాత్రం వేలును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం కాలే తియ్. వచ్చేవారం ఫిట్‌నెస్ ఉన్నది. బ్రేకు ఇన్‌స్పెక్టరే చూస్తడు గద, బాగలేకుంటే ఆయనే చెప్తడు" అన్నాడు.

బండ్లను పరీక్ష చేసే అధికారిని మా దగ్గర బ్రేకు ఇన్‌స్పెక్టర్ అంటారు. ఆ పేరు విని నమ్మాను, పిచ్చిదాన్ని. ఎందుకైనా మంచిదని ఫిట్‌నెస్ రోజు బిడ్డను వెంటబెట్టుకుని నేనూ జీపెక్కాను. దారిలో టైర్ల దుకాణం దగ్గర ఆగి, మా బోడి టైర్లు విప్పి కొత్తవి బిగించారు. నాకు సంతోషమైంది.

"కొత్తయి కొన్నవా?" అని మా ఆయనను అడిగితే దుకాణమాయన పకపకా నవ్వాడు.

"కొనుడేంది అక్కా! గివి ఫిట్‌నెస్ టైర్లు. పొద్దుగాల బిగిస్తం, కాయితం రాంగనే ఇప్పుకుంటం. ఈ సుట్టుపక్కల జీపులన్నీ గిట్లనే పాసైనయి."

పెళ్లిచూపులకు పక్కింటి నగలు పెట్టుకుపోయినట్టు! ఆ సర్టిఫికెట్లేవో ఆ టైర్లకే ఇస్తే సరిపోయేది. తరువాత జీపులోని మందుల డబ్బాలోంచి మా ఆయన దువ్వెన, బీడీ కట్ట తీసేసి ఇంత దూది పెట్టారు. టీజీ ప్లేటు మీద ఏపీ ప్లేటును తీగతో కట్టారు. "ఇయ్యాల ఒక్కపూటకే" అని మా ఆయన కన్ను గీటాడు. సిగ్గూ లేదు, శరమూ లేదు.

పరీక్ష మైదానంలో నేనూ బిడ్డా బండి దిగి ఒక ఎత్తు పక్కన నిలబడ్డాం. ఇన్‌స్పెక్టరు దిగువన చెట్టు నీడకు బల్ల, కుర్చీ వేయించుకున్నాడు. లైట్లు చూశాడు. వైపర్ చూశాడు. హారన్ కొట్టించుకుని, పాట విన్నట్టు తలాడించాడు. ఇక బ్రేకు అన్నాడు. మా ఆయన బండిని ఎత్తు మీదికి మెల్లగా ఎక్కించి, అది తనంతట తాను ఆగేదాకా పోనిచ్చాడు. ఆగీ ఆగగానే, మా వెంటే వచ్చిన టైర్ల దుకాణమాయన వెనక నుంచి రాయి తోశాడు.

"బ్రేకు మంచిగనే పడ్తున్నది" అని ఇన్‌స్పెక్టరు పోయి బల్ల ముందు కూర్చుని పెన్ను తీశాడు. మా ఆయన బండి దిగి, చేతులు కట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాడు.

నా పక్కన బిడ్డ. గోరు ఇంకా నల్లగానే ఉంది. నాకు కోపం నషాళానికి అంటింది.

"సార్, పక్కకు జరుగున్రి!" అని అరిచి రాయిని కాలితో తన్నేశాను.

జీపు తొందరేమీ లేకుండా వెనక్కి దొర్లుకుంటూ పోయింది. ఇన్‌స్పెక్టరు కుర్చీ వదిలి దుంకాడు. జీపు బల్లకు గుద్దుకుని ఆగింది. కాయితాల మీద చాయ్ ఒలికింది.

"రాయి తీసిందెవరు?" అని గర్జించాడు ఆయన. బ్రేకు ఏమైందని కాదు, రాయి ఎవరు తీశారని!

"నేనే సార్. రోజూ మా బిడ్డ పెడ్తది. ఇయ్యాల జర మీరు పెట్టున్రి" అన్నాను.

ఆయన నోరు తెరిచేలోపే తీగ తెగి ఏపీ ప్లేటు కింద పడింది. వెనక టీజీ తళతళా మెరుస్తోంది. ఆయన ముఖం కందగడ్డయింది. జీపును ఫెయిల్ చేశాడు. కారణం ఏం రాశాడనుకున్నారు? నంబరు ప్లేటు సరిగా లేదట! బ్రేకుల గురించి ఒక్క ముక్క లేదు.

"నా ఇజ్జత్ తీసినవ్ గదనే" అని మా ఆయన దారి పొడుగునా నన్ను తిట్టాడు. ఊళ్లోకి వచ్చేసరికి కథ తిరగబడింది. తెలంగాణ అని రాసుకున్నందుకు ఫెయిల్ చేశారట అని మాకంటే ముందే వార్త వచ్చింది. ఊరి నడుమ బొడ్రాయి దగ్గర జీపుకు బొట్టు పెట్టారు, మా ఆయన మెడలో బంతిపూల దండ వేశారు. నన్ను తిట్టిన ఆ నోటితోనే జై తెలంగాణ అని అందరికీ దండాలు పెట్టాడు. చూడలేక చచ్చాను.

జనం మీద పడేసరికి జీపు కదిలింది. అలవాటుగా అందరూ ఒక్కసారే అరిచారు.

"బిడ్డా, రాయి పెట్టు!"

బిడ్డ కదలబోయింది. నేను దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"అది పెట్టదు. దండ ఏసుకున్నాయన పెడ్తడు" అన్నాను.

ఇంతమంది ముందు తప్పక, మా ఆయన రాయి తీసుకుని చక్రం వెనక వంగాడు. జీపు ఇంకాస్త జరిగింది. ఆయన కెవ్వున అరిచి చెయ్యి లాక్కున్నాడు. రాయికి తట్టుకుని బండి ఆగింది. మెడలో దండ తెగి, సగం చక్రం కింద ఉండిపోయింది. ఆయన దుమ్ములో కూలబడి, తన వేళ్లను ఒక్కొక్కటే ముడిచి చాచి చూసుకున్నాడు. తరువాత బిడ్డ గోరు వైపు చూశాడు.

తెల్లారి చాయ్ కూడా తాగకుండా, బ్రేకులు వేయించుకొస్తానని మానుకోట పోయాడు.