రబ్బరు పని చేసిందని రాసుకున్న రోజు

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. తొమ్మిదో తరగతి నుంచి రోజూ రాస్తున్న డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో ఉన్నవి మూడే వాక్యాలు. "రబ్బరు పని చేసింది. కంప్యూటర్ ఆన్ అయింది. రేవతి ఫోటో దొరికింది." వీటిలో మొదటిది అబద్ధం.

దయ్యాల కథలు చెప్పుకునే చోట నేను కూర్చోను. భయంతో కాదు, విసుగుతో. మూడేళ్లు శ్మశానం పక్క దారిలోనే కాలేజీకి నడిచాను. ఆ దారిలో నేను భయపడింది కుక్కలకే.

పూతలపట్టు కూడలి దగ్గర మా నాయన ఇరవై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపాడు. ఆయన పోయాక దాన్ని నేను చూసుకుంటున్నాను. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు. మనుషులను నేరుగా చూడటం కంటే కెమెరాలోంచి చూడటం నాకు సులువు. పనంతా ల్యాప్‌టాప్‌లోనే చేస్తాను. కానీ నాయన తీసిన పాత ఫోటోలన్నీ మూలనున్న డెస్క్‌టాప్‌లోనే ఉండేవి. వాటిని ఇంకో చోటికి ఎక్కించుకోవాలని అనుకుంటూనే రోజులు గడిపేశాను.

ఆయుధ పూజకు నాయన ఏటా ఆ కంప్యూటర్ డబ్బా మూత విప్పి, బ్రష్‌తో దుమ్ము దులిపి, మళ్లీ మూత బిగించి, బయట మూడు బొట్లు పెట్టేవాడు. ఆయన లేకుండా వచ్చిన మొదటి ఆయుధ పూజకు, ఏదీ తక్కువ కాకూడదని నేను మూత తీసినప్పుడే లోపల కూడా గంధం, కుంకుమ పెట్టాను. గంధం పలచగా కలిపాను. అది కారింది. మర్నాడు స్విచ్ వేస్తే మూడు బీప్‌లు, నల్లటి తెర.

నాయన స్నేహితుడు చెంగల్రాయులు మామ చిత్తూరులో కంప్యూటర్లు బాగు చేస్తాడు. వచ్చి మూత తీసి చూసి పగలబడి నవ్వాడు. "ఏం పాపా, బొట్టు పెట్టినావు సరే, కాటిక గూడా పెట్టి జడేసుంటే లేసి కూసునేది గదా!" అన్నాడు. నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. హార్డ్ డిస్క్ ఊడదీసి తను తెచ్చిన కంప్యూటర్‌కు తగిలించి చూశాడు. అందులో అది కనిపించనే లేదు. "తిరపతికి ఎత్తకపోయినా ఇదే సెప్తారు, ఆశ పెట్టుకోవద్దు" అని, డిస్క్ మళ్లీ దాని చోట బిగించి వెళ్లిపోయాడు.

నేను కూడా వదిలేసేదాన్నే. మునెమ్మ రాకపోయి ఉంటే.

మునెమ్మ జ్యూస్ ఫ్యాక్టరీలో మామిడికాయలు ఏరే పనికి పోతుంది. ఆమె పెద్ద కూతురు రేవతి ఇంటర్ చదువుతూ జ్వరంతో పోయి నాలుగేళ్లయింది. వానలకు గోడ కూలినప్పుడు ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ మట్టిలో కలిసిపోయాయి. ఇప్పుడు చిన్న కూతురికి పెళ్లి కుదిరింది. పెళ్లి కాకుండా పోయిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో, శుభకార్యానికి ముందు ఆ పిల్ల ఫోటో ముందు కొత్త బట్టలు పెట్టి, దీపం వెలిగించి, పెళ్లికి అనుమతి అడుగుతారు. అడగడానికి మునెమ్మకు ఫోటో లేదు. పదో తరగతి హాల్ టికెట్ కోసం మా నాయన తీసిన ఫోటో ఉంటుందేమోనని వచ్చింది.

"బడికి పోయి అడిగితే ఒక జిరాక్సు ఇచ్చినారు అమ్మణ్ణీ. బిడ్డ మొగం మీద ముద్ర కొట్టేసుండారు" అంది. మళ్లీ మెల్లగా అంది. "దాని గొంతు గుర్తుండాది. మొగమే మరుపొస్తా ఉండాది. ఎవురికన్నా సెప్పుకుంటే, తల్లివేనా నువ్వు అంటారు."

కంప్యూటర్ చెడిపోయిందని చెప్పాను. చెడగొట్టింది నేనేనని చెప్పలేదు. ఆ తర్వాత ఆమె ఇంకో నాలుగుసార్లు వచ్చింది. ఏమీ అడిగేది కాదు. డ్యూటీ నుంచి పోతూ గుమ్మం దగ్గర నిలబడి నా వైపు చూసి, నేను తల అడ్డంగా ఊపితే వెళ్లిపోయేది.

ముహూర్తం వారంలో ఉందనగా, ఒక మధ్యాహ్నం మూడు దాటాక, నేనే మూత విప్పాను. కంప్యూటర్ మూడుసార్లు బీప్ అంటే నాయన చేసే వైద్యం ఒకటుంది. లోపల అయిదంగుళాల పొడవున్న ర్యామ్ కార్డులు రెండుంటాయి. అవి లేకుండా కంప్యూటర్ తెర వెలగదు. వాటిని పీకి, బంగారు రంగు అంచులను స్కూలు పిల్లల రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చేవాడు. నేను రెండు కార్డులూ పీకి, న్యూస్‌పేపర్ మీద పెట్టుకుని రుద్దుతున్నాను.

అప్పుడు ఒకాయన ఆధార్ జిరాక్సు కోసం వచ్చాడు. లేచి వెళ్లాను. రెండు నిమిషాలు పట్టిందేమో. గోడ దగ్గర స్విచ్ ఆపానో లేదో ఇప్పుడు ఖచ్చితంగా చెప్పలేను. ఆపాననే అనుకుంటున్నాను.

తిరిగి వచ్చేసరికి డబ్బాలో ఫ్యాన్ తిరుగుతోంది. తెర వెలిగి ఉంది. నాయన పెట్టుకున్న చంద్రగిరి కోట బొమ్మ, దాని మీద ఫోల్డర్లు.

అప్పుడు నాకు కలిగింది భయం కాదు, సంతోషం. కార్డులు గుచ్చే లేచానని అనుకున్నాను. మళ్లీ ఆగిపోతుందేమోనని గబగబా పెన్‌డ్రైవ్ పెట్టాను. నాయన ఊరి పేరుతో, బడి పేరుతో ఫోల్డర్లు చేసేవాడు. రేవతి ఫోటో వెతకడానికి నిమిషం కూడా పట్టలేదు. కాపీ అయింది. ల్యాప్‌టాప్‌లో పెట్టి తెరుచుకుంటుందో లేదో కూడా చూసుకున్నాను. మిగతా ఫోటోలు కూడా ఎక్కించుకుందామని మళ్లీ డెస్క్‌టాప్ ముందు కూర్చుంటూ చెయ్యి నేలకు ఆనించాను.

చేతికి న్యూస్‌పేపర్ తగిలింది. దాని మీద రబ్బరు పొట్టు. పొట్టు మధ్య రెండు ర్యామ్ కార్డులు.

డబ్బాలోకి వంగి చూశాను. కార్డులు ఉండాల్సిన రెండు స్లాట్లూ ఖాళీ. వాటి అంచున ఎండిన గంధం. పక్కన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. తలెత్తి తెర వైపు చూశాను. నేను చూసిన తర్వాతే అది ఆరిపోయింది.

మళ్లీ వెలగలేదు. మరుసటి వారం చెంగల్రాయులు మామ వచ్చి చూశాడు. కొత్త కార్డులు పెట్టినా అవే మూడు బీప్‌లు. డిస్క్ ఆయన కంప్యూటర్‌లో అప్పుడూ కనిపించలేదు. "మరి ఫోటో ఎట్లొచ్చింది పాపా?" అని అడిగాడు. రబ్బరుతో రుద్దానని చెప్పాను. ఆయన నన్నూ డబ్బానూ మార్చి మార్చి చూసి, మూత బిగించేశాడు.

ఆ రెండు నిమిషాల్లో కార్డులు గుచ్చి, తర్వాత నాకు తెలియకుండా నేనే పీకి ఉంటానా అని చాలాసార్లు ఆలోచించాను. ఆన్‌లో ఉండగా పీకితే అది వెంటనే ఆగిపోవాలి. ఆగలేదు. నా మతి మీదే అనుమానం పెట్టుకుని ఊరుకుందామంటే ఆ ఫోటో ఒకటుంది. అది ఇప్పటికీ నా పెన్‌డ్రైవ్‌లో ఉంది. పెద్దది చేసి చూసే ధైర్యం ఇంకా రాలేదు. ఏం జరిగిందో నాకు తెలియదు. తెలిసినట్టు రాయలేను.

కంప్యూటర్ వెలిగిన ఆ సాయంత్రమే ఆ పదో తరగతి ఫోటోను కాస్త వెలుతురు పెంచి ప్రింట్ తీసి ఉంచాను. మర్నాడు పొద్దున డ్యూటీకి పోతూ మునెమ్మ వచ్చింది. ఫోటో రెండు చేతులతో అందుకుని, వెలుతురు కోసం గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. ఏడుస్తోందేమోనని దగ్గరకు వెళ్లాను. ఏడవడం లేదు. రేవతి ముక్కు దగ్గర బొటనవేలితో మెల్లగా తడుముతోంది.

"దీనికి ముక్కు పొడిపించింది ఇంటర్‌లో సేరినాక. ఈ ఎర్రరాయి పుడక మా అమ్మది. బిడ్డను పూడ్సేటప్పుడు నేనే నా సేత్తో ముక్కుకు పెట్టినాను. పెట్టుకోనుండాది సూడు అమ్మణ్ణీ."