చందనం బొట్టు పెట్టిన చెరువు మట్టి

పొద్దున పేపర్లో మా పాత ఆఫీసు పెద్దసారు ఫోటో వచ్చింది. వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాను. ఈ చుట్టుపక్కల చెరువులు పూర్వం ఎన్ని కరువులు చూశాయో చెప్పే ఆధారాలు మన దగ్గర లేవు అన్నాడట. కాఫీ గ్లాసు ఠక్కున కింద పెట్టాను. ఎట్లా ఉంటాయి, నువ్వే కదయ్యా పారేయించింది!

ఆ ఆఫీసులో ఊడ్చే పనికి వాషర్‌మెన్‌పేట్ నుంచి వెళ్లేదాన్ని. అప్పటికే నాకు మనవడున్నాడు, అక్షరం ముక్క మాత్రం రాదు. అక్కడొక చల్లటి గదిలో, ప్లాస్టిక్ గొట్టాల నిండా, చెరువుల్లో నిలువునా గుచ్చి తీసిన అడుగు మట్టి ఉండేది. నెల్లూరు వైపు మేడమ్ ఒకామె దాన్ని చిటికెడు చిటికెడు తీసి మైక్రోస్కోపులో చూసేది. బయట మాడ్చే ఎండ, లోపల ఆమె స్వెట్టరేసుకుని మట్టికి కాపలా. నాకు నవ్వొచ్చేది.

ఆయుధపూజ వచ్చింది. కత్తెర నుంచి కుట్టుమిషను దాకా బొట్టు పెట్టే ఇంటిదాన్ని, ఆ గొట్టాలను వదులుతానా? తడిగుడ్డతో వాటి మీది పిచ్చిగీతలన్నీ పోయేదాకా రుద్ది, చందనం, కుంకుమ పెట్టి, ముచ్చటగా పేర్చాను. మేడమ్ చూసి స్టూలు మీద కూలబడింది.

“అక్కా, ఏది పైనో ఏది కిందో రాసిందంతా తుడిచేస్తివే!”

“ఏ పక్కైతే ఏంది మేడమ్? అంతా మట్టే కదా.”

ఆమె నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. లోపల గాజు పెంకులు, ఎవరో ఓపిగ్గా పెట్టిన ముగ్గుల్లా.

“ఇవి ఒకప్పటి నాచు పెంకులు. వానలు బాగా పడితే ఒక రకం, చెరువు ఎండి నీళ్లు ఉప్పగా అయితే ఇంకో రకం. అడుగున పాతకాలం, పైన మొన్నటిది. గొట్టం తలకిందులైతే కరువెప్పుడో వరదెప్పుడో ఎట్ల చెప్పేది?”

ఏ కొస ఏదో తేల్చడానికి ఆమెకు నెలలు పట్టింది. నా మీద ఫిర్యాదు చేయలేదు, పలక కొనుక్కొచ్చింది. నేను మొదట నేర్చిన మాటలు అమ్మ, ఆవు కావు; పైన, కింద. ప్రతి గొట్టం మీదా మళ్లీ నేనే రాశాను.

మేడమ్ రిటైరయ్యాక ఈ పెద్దసారు వచ్చాడు. మీటింగు కుర్చీలకు చోటు కావాలి, గది ఖాళీ చేయమన్నాడు. తలుపుకడ్డం నిలబడ్డాను.

“సార్, ఈడ రాసుండేది ఒక్కసారి చదవండి సార్.”

“ఏం పాటీ,” అని అరవంలో అవ్వను పిలిచినట్టు పిలిచాడు, “మట్టికి ఏసీ ఒకటా? చెట్లకన్నా పొయ్యండి.”

పోశారు. నేను తుడిచింది అక్షరం రాక. ఈయన గోడ నిండా పట్టాలు తగిలించుకుని పారేయించాడు, ఇప్పుడు లేవంటున్నాడు! ఒక్కో వానాకాలానికి ఒక్కో పొరగా, ఏ తొందరా లేకుండా చెరువు దాచుకున్న కాలం, ఒక్క మధ్యాహ్నంలో గులాబీ కుండీలకెక్కింది. అందులో ఏది పైనో ఏది కిందో ఇక ఏ మేడమ్ వచ్చినా తేల్చలేదు.