మా అన్న చెప్పిన వయసు

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గోడకు ఆనుకోండి, మిగతావాళ్లు నా దగ్గరికి జరగండి. గట్టిగా చెప్పే ఓపిక నాకు లేదు. నరసరావుపేట కోర్టులో వకీలుగా ఉన్న మా మనవరాలు నిన్న అన్నం ముందు కూర్చుని కూడా ముద్ద ఎత్తలేదు. తను చూస్తున్న కేసులో పదిహేనేళ్ల పిల్లవాణ్ణి, వయసు తప్పుగా రాసుకుని, జైల్లో పెద్ద ఖైదీల మధ్య పెట్టారట. నాకు మా అమ్మ కళ్ల ముందుకొచ్చింది.

తెల్లదొరల పాలన చివరి రోజులవి. మా అన్నకు పద్నాలుగేళ్లు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పిల్లలకు పని ఇవ్వరని, పద్దెనిమిది అని చెప్పమని నేర్పింది అమ్మే. మా పేటలో అందరూ అలాగే చెప్పేవాళ్లు, మనిషి కాస్త పొడుగుంటే మేస్త్రీ కూడా గుచ్చి అడిగేవాడు కాదు. ఆ మాట అన్న నోటికి ఎంత అలవాటైందంటే, మేకల మేతకు చెట్ల మండలు కొట్టాడని అడవి జవాన్లు పట్టుకుపోయినప్పుడు కూడా అదే చెప్పాడు. వాళ్లు రాసుకుని, దొంగతనాల్లో ఆరితేరిన మగవాళ్లతో కలిపి తాలూకా కచేరీ వెనకున్న ఖైదు కొట్లో వేశారు.

అమ్మ జొన్నరొట్టె మూటగట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. కమ్మీల సందులోంచి అన్న వాచిన మొహం కనబడింది. కాయితంలో పద్దెనిమిదే ఉంది, పొమ్మన్నాడు కాపలా జవాను. అమ్మ ఏడవలేదు, గేటు ముందే చతికిలబడింది.

“ఏందమ్మా, మీ ఇంటి గడపనుకున్నావా?”

“నా బిడ్డ లోపలుండంగా నాకిదే గడపయ్యా.”

మర్నాడు మా గుడి పాదిరిగారిని బతిమాలి, అన్న పుట్టిన తేదీ రాసి ఉన్న బాప్తిస్మాల పుస్తకంతో సహా తాసిల్దారు ముందుకు తీసుకొచ్చింది. పుస్తకం నిజమైతే జవాన్లకు చెప్పింది అబద్ధమే కదా అని తాసిల్దారు నిలదీశాడు.

“అబద్ధం నాదయ్యా. నేను చెప్పమంటే చెప్పాడు. దానికేం శిచ్చుందో నాకెయ్యండి. మండలు కొట్టినందుకు ఆణ్ణి అడగండి, కాదన్ను. పిల్లోణ్ణి మొగోళ్ల మధ్యన పడెయ్యటానికి మీకు హక్కు ఏడుంది?”

ఆయన పుస్తకంలో ఆ పుట రెండుసార్లు చదివాడు. అన్నను వదిలిపెట్టలేదు గానీ, ఆ రోజే వేరే గదిలోకి మార్చి, అమ్మను రోజూ చూడనిమ్మన్నాడు. అన్న విడుదలయ్యాక కూడా అమ్మ సంతకు వెళ్లినప్పుడల్లా ఆ కమ్మీల దగ్గర ఆగి, లోపలున్న కుర్రాళ్లను, “ఒరేయ్, నిజం చెప్పు, నీకెన్నేళ్లు?” అని అడిగేది.

ఇప్పుడు అందరి వయసూ కార్డు మీద అచ్చేసి ఉంది. ఆగి అడిగేవాళ్లే తగ్గిపోయారు. ఈ పొద్దున మనవరాలికి జొన్నరొట్టె మూటగట్టి, వెళ్లి ఆ పిల్లవాడున్న జైలు గేటు ముందు కూర్చోమన్నాను. మీ ఇళ్లలోని పిల్లలు చల్లగా ఉండాలి. ఎక్కడ చిక్కుకున్నా, వెతుక్కుంటూ వచ్చే మనిషి వాళ్లకు ఉండాలి.